సముద్రంలో చిన్న రక్షిత ప్రాంతం: డబ్బు ఎవరిస్తారు, దేనికి అడగాలి?

ప్రశ్న క్లుప్తంగా: శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక మత్స్యకార గ్రామం. పన్నెండు మంది యువకుల సంఘం, రిజిస్ట్రేషన్ అయి రెండేళ్లు. ఒడ్డుకు దగ్గరలో నీటి అడుగున రాళ్లున్న చోటును వేట లేకుండా కాపాడి, కొన్నాళ్లకు ప్రభుత్వ గుర్తింపు తేవాలని వీరి ఆలోచన. "పది లక్షలు ఎవరిస్తారు, దరఖాస్తులో ఏం రాయాలి?" అని అడిగారు.

మీరు అడిగిన రెండింటికీ జవాబు చెబుతాను. కానీ ఆ రెండింటికంటే ముందు తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ చోట వేట మానుకునేది ఎవరు, ఎన్ని రోజులు, ఆ రోజుల్లో వారి ఇల్లు ఎలా గడుస్తుంది? పద్దెనిమిదేళ్లుగా తీర ప్రాంతాల్లో పని చేస్తున్నాను. అందులో ఆరేళ్లు చిన్న నిధుల దరఖాస్తులు చదివి, ఇవ్వవచ్చో లేదో చెప్పే పని. పగడాల గురించి, తాబేళ్ల గురించి చక్కగా రాసినవి వందల కొద్దీ చదివాను. వాటిలో చాలా వాటికి నేను వద్దని రాయడానికి భాష కారణం కాదు, సైన్సు కారణం కాదు. ముప్పై పేజీలు తిరగేసినా ఆ నీళ్లలో వల వేసే మనిషి ఎక్కడా కనిపించకపోవడమే కారణం.

ఫిలిప్పీన్స్‌లో జరిగిన ఒక సంగతి చెబుతాను. చిన్న ప్రాజెక్టు గురించి ఎవరు అడిగినా నేను ముందు ఇదే చెబుతాను, ఎందుకంటే పక్కపక్కనే ఉన్న రెండు దీవుల్లో ఒకే పనికి రెండు రకాల ఫలితాలు వచ్చాయి. డుమగెటె పట్టణంలోని సిలిమన్ విశ్వవిద్యాలయం, అక్కడి జీవశాస్త్రవేత్త ఏంజెల్ అల్కాలా రెండు చోట్లా ఉన్నారు. 1974లో సుమిలన్ అనే దీవి చుట్టూ ఉన్న పగడాల దిబ్బలో సుమారు నాలుగో వంతును వేటకు మూసేశారు. ఆ దీవిలో స్థిరమైన ఊరు లేదు. వేటకు వచ్చేవారు ఎదుటి ఒడ్డున ఉండేవారు. శాస్త్రం సరిగ్గా పనిచేసింది, చేపలు పెరిగాయి, చుట్టుపక్కల పడే వలల్లోనూ పెరిగాయి. 1984 ప్రాంతంలో స్థానిక నాయకత్వం మారగానే రక్షణ కూలిపోయింది, పడవలు లోపలికి వచ్చేశాయి. రెండేళ్లు తిరగకముందే అక్కడి వేటగాళ్ల దిగుబడి దాదాపు సగానికి పడిపోయింది. దిబ్బ మొత్తం తెరుచుకుంది కాబట్టి ఎక్కువ చేప దొరకాలి కదా అనుకుంటాం. తక్కువ దొరికింది. మూసిన చోటు బయటి చోటును పోషించిందనడానికి అంతకంటే గట్టి రుజువు నేను చూడలేదు. ఆ రుజువు దొరకడానికి ఆ దిబ్బ నష్టపోవలసి వచ్చింది.

రెండో దీవి అపో. డెబ్బై నాలుగు హెక్టార్ల చిన్న దీవి, అందులో ఊరు ఉంది. ఇక్కడ అల్కాలా బృందం తీర్మానంతో మొదలుపెట్టలేదు. వచ్చి కూర్చుని మాట్లాడింది. మూడేళ్లు మాట్లాడింది. చివరికి 1982లో ఊరంతా కాదు, పద్నాలుగు కుటుంబాలు సరే అన్నాయి. ఒడ్డు వెంట 450 మీటర్ల ముక్కను ఎంచుకున్నారు. మంచి పగడం ఉన్నా చేపలు పలచబడిన చోటు అది. అక్కడి నుంచి వచ్చే ఆదాయం అప్పటికే తక్కువ కాబట్టి వదులుకోవడం తేలికైంది. ఇంకో సంగతి కూడా చూశారు: ఒడ్డున కూర్చున్న ఒక్క మనిషి మొత్తం కాపలా కాయగలగాలి. ఆ కుటుంబాలే వంతులు వేసుకుని కూర్చున్నాయి. స్థానిక ప్రభుత్వ శాసనం 1985లో వచ్చింది, అంటే మూడేళ్ల తర్వాత. చేపలు పెరగడం కంటితో చూశాక మిగతా ఊరు కూడా కలిసింది.

మీ పది లక్షల సంగతికి వస్తే, అపో దీవిలో ఆ మూడేళ్లకు అయిన ఖర్చు ఏమిటో ఆలోచించండి. పడవ ప్రయాణాలు, కొందరి జీతం, భోజనాలు, ఓపిక. యంత్రాలు కాదు, భవనం కాదు. రక్షిత ప్రాంతాన్ని ఏర్పాటు చేయడం చిన్న నిధికి శక్యం కాని పని, అది ప్రభుత్వం చేయాల్సింది. చిన్న నిధికి చేతనైనది దానికి ముందు కుదరాల్సిన ఒప్పందం. ఆ ఒప్పందానికి కావలసిన కాలాన్ని డబ్బు పెట్టి కొనడమే మీ ప్రాజెక్టు. దరఖాస్తును ఈ మాట చుట్టూ రాయండి.

ఇప్పుడు బడ్జెట్. మీరు జతచేసిన చిత్తుప్రతిలో నీటిలో తీసే కెమెరాకు, డ్రోన్‌కు, రెండు లాప్‌టాప్‌లకు కలిపి నాలుగు లక్షలు ఉంది. సమావేశాలకు ముప్పై వేలు. ఈ రెండింటి ప్రాధాన్యాన్నీ తారుమారు చేయమని గట్టిగా చెబుతున్నాను. పద్దెనిమిది నెలలకు పది లక్షలు అడిగితే నేనైతే రెండు లక్షలు ఊరిలోనే ఉండే ఒక సమన్వయకర్త గౌరవ వేతనానికి పెడతాను. రెండున్నర లక్షలు పడవ అద్దెకు, డీజిలుకు, సర్వేకూ కాపలాకూ వచ్చే వేటగాడి రోజు కూలికి. ఆ కూలిని "స్వచ్ఛంద సేవ" పద్దులో రాసి సున్నా వేయకండి, అది అన్యాయం. వేటకు వెళ్లని రోజు వేటగాడికి ఖాళీ రోజు కాదు, నష్టం వచ్చిన రోజు. లక్షన్నర చేపల లెక్కింపు శిక్షణకూ సామగ్రికీ, లక్ష మీ ఊరిలోనూ పక్క ఊళ్లలోనూ జరిగే సమావేశాలకూ సరిపోతాయి. హద్దు గుర్తులకు ముప్పావు లక్ష, కలెక్టరేటు, మత్స్యశాఖ, అటవీశాఖ కార్యాలయాల చుట్టూ తిరిగే ప్రయాణాలకూ పటాల నకళ్లకూ ఇంకో ముప్పావు లక్ష. ఆడిట్‌కు యాభై వేలు తప్పనిసరి. చివరి లక్ష ప్రాజెక్టు ముగిశాక మొదటి ఏడాది కాపలాకు. నిధి కాలం దాటాక ఖర్చుకు ఒప్పుకోరు అంటారా? కొందరు ఒప్పుకోరు. అప్పుడు ఆ ఖర్చు ఎవరు భరిస్తారో ఒక పేరాలో రాయండి: పంచాయతీనా, మత్స్యకార సహకార సంఘమా, ఇంటింటి చందానా. దరఖాస్తు చదివేవారు వెతికేది ఆ పేరానే.

పక్క ఊళ్లు అని ఎందుకన్నానంటే, సముద్రంలో గట్లు ఉండవు. మీరు మానేసిన చోట పక్క ఊరివారు వల వేస్తే మీ ఊరిలో మీ మాట పోతుంది. ఆడవాళ్లను కూడా మరవకండి. ఒకచోట చేపల వేలం షెడ్డులో రాత్రి సమావేశం పెట్టాం. కుల పెద్దలు, పడవ యజమానులు అందరూ వచ్చారు, నాలుగు నెలల మూసివేతకు దాదాపు ఒప్పుకున్నారు. బయట తట్టలు కడుగుతున్న ఒకామె గుమ్మం దగ్గరికి వచ్చి, "ఆ నాలుగు నెలలూ నా తట్టలోకి చేప ఎక్కడి నుంచి వస్తుందయ్యా? నేను వాడుక పెట్టిన ఇళ్లు వేరే ఆమె దగ్గరికి వెళ్లిపోతే మళ్లీ ఎవరు తెచ్చిస్తారు?" అని అడిగింది. లోపల ఎవరి దగ్గరా జవాబు లేదు. మా ప్రతిపాదనలో చేపలమ్మే వారి గురించి ఒక్క వాక్యం లేదు. మూసే చోటును చిన్నదిగా చేసి, నెలలను మార్చి, మళ్లీ మొదటి నుంచి మాట్లాడాల్సి వచ్చింది. ఆమె ఆ రోజు గుమ్మం దాకా రాకపోతే ఆ ప్రాజెక్టు కాగితం మీద గెలిచి ఊరిలో ఓడిపోయేది.

హద్దుల విషయంలో మేము చేసిన తప్పు కూడా చెబుతాను. దాత ఉత్సాహం చూసి ఆరు తేలే బోయలు వేశాం. రంగు బాగుంది, ఫొటోలు బాగా వచ్చాయి. నాలుగు నెలలకే నత్తగుల్లలు, నాచు పట్టి అవి సగం మునిగాయి. అడుగున తాడు సిమెంటు దిమ్మను రాసుకుని రాసుకుని నలిగింది. తుపాను గాలులకు మూడు తెగిపోయాయి, మిగతావి ఎవరో వలకు అడ్డమని కోసేశారు. తాడు మార్చే పని ఎవరిదో మా కాగితాల్లో రాసి లేదు. తర్వాత ఒక ముసలి వేటగాడు ఒడ్డున ఇసుక మీద వేలితో గీసి చూపించాడు: తాటిచెట్టు గుడి గోపురానికి సూటిగా వచ్చినప్పుడు రాళ్ల ఉత్తరపు అంచు, నీళ్ల ట్యాంకు కొండ కొనతో కలిసినప్పుడు దక్షిణపు అంచు. మనవాళ్లు తరతరాలుగా సముద్రంలో చోటు గుర్తు పట్టేది ఇలా ఒడ్డు మీది రెండు గుర్తులను ఒకే వరసలోకి తెచ్చుకునే. ఆ వరసల్లోనే ఒడ్డున సున్నం కొట్టిన స్తంభాలు జతలుగా పాతాం. పడవలో నుంచి చూస్తే రెండు స్తంభాలూ ఒకదాని వెనక ఒకటి కనిపించిన చోటు హద్దు. తుపాను వచ్చినా మళ్లీ పాతుకోవచ్చు, ఏ పడవకూ అడ్డు కాదు. ఫోనులో జీపీఎస్ అంకెలు కూడా తీసి పెట్టుకోండి, అవి ప్రభుత్వ పటానికి కావాలి. ఊరికి మాత్రం ఆ వరసలు చాలు.

లెక్కింపు విషయంలో ఫిజీ నుంచి నేర్చుకోండి. 1997లో వెరాటా ప్రాంతంలోని ఉకునివనువా అనే గ్రామం తన తీరంలో 24 హెక్టార్ల చోటును గుల్లలు ఏరకుండా మూసింది. ఆ గుల్లను వారు కైకోసో అంటారు, వారికి అది తిండి, ఆదాయం, పైగా తమ వంశ చిహ్నం కూడా. సౌత్ పసిఫిక్ విశ్వవిద్యాలయం వారు వచ్చారు కానీ లెక్క పెట్టే పని తమ చేతుల్లో ఉంచుకోలేదు. ఇరవై మంది ఊరి ఆడవారు, మగవారు బృందంగా ఏర్పడి, తాడు పరిచి, దాని వెంట నిర్ణీత దూరానికోసారి ఎన్ని గుల్లలున్నాయో, ఎంత పరిమాణంలో ఉన్నాయో వారే లెక్కించారు. ఏడేళ్లలో మూసిన చోట గుల్లలు 13 రెట్లు, పక్క చోట 5 రెట్లు పెరిగాయి. పక్కచోటు అంకెను గమనించండి, ఊరిని ఒప్పించేది అదే. తమ చేతులతో లెక్కించిన అంకె కాబట్టి దాన్ని వారు నమ్మారు. చుట్టుపక్కల ఊళ్లు ఆ పద్ధతిని అందుకున్నాయి, తర్వాత ఫిజీ అంతటా వ్యాపించింది. మీ దగ్గర కెమెరా లేకపోయినా ఒక యాభై మీటర్ల తాడు, మునిగి చూసే కళ్లద్దాలు, నీళ్లలో రాయగలిగే పలక, నెలకో రోజు చాలు. మూయకముందు ఒక ఏడాది లెక్క కావాలి, లేకపోతే తర్వాత పెరిగిందని ఎవరికీ చూపలేరు. చాలా సంఘాలు ఈ ఏడాదిని దాటవేస్తాయి, తర్వాత విచారిస్తాయి.

ఏడాది పొడవునా మూయడానికి ఊరు ఒప్పుకోకపోతే నిరాశపడకండి. మడగాస్కర్ నైరుతి తీరంలో అండవదుఆకా అనే గ్రామం 2004లో ఆక్టోపస్ వేటను ఒక చోట కొన్ని నెలలు మాత్రమే ఆపి చూసింది. ఎనిమిదేళ్లలో జరిగిన 36 అలాంటి మూసివేతల మీద 2015లో వచ్చిన అధ్యయనం, తెరిచిన మొదటి నెలలో దిగుబడి మూసే ముందు కంటే 700 శాతానికి పైగా పెరిగిందని చూపింది. ఆ తాత్కాలిక మూసివేతల నుంచే వెలొండ్రియాకే అనే పెద్ద స్థానిక రక్షిత ప్రాంతం పుట్టింది. ఒక జాగ్రత్త: ఆక్టోపస్ నెలల్లో పెరుగుతుంది. రాళ్లలో ఉండే పెద్ద చేపలకు ఏళ్లు పడుతుంది. వాటి కోసం నాలుగు నెలలు మూసి తెరిస్తే, పెరగబోతున్న చేపను కోసుకున్నట్టే. మీ రాళ్ల దగ్గర ఏం పడుతుందో చూసి కాలం నిర్ణయించుకోండి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఎలాగూ ఉంది. మీ మూసివేతను దానికి ముందో వెనకో అతికిస్తే అర్థం చేయించడం తేలిక. ఆ 61 రోజులకు ప్రభుత్వం కుటుంబానికి 2025 నుంచి 20,000 రూపాయలు ఇస్తోంది కాబట్టి, వేట మానితే దానికో ధర ఉంటుందన్న సంగతి ఊరికి కొత్త కాదు.

ఎవరిస్తారు అన్నదానికి వస్తే, మీ వయసు సంఘానికి విదేశీ నిధి నేరుగా రావడం కష్టం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ల ఉనికి, ఆ మూడేళ్లలో ఆశయాల మీద కనీసం 15 లక్షల ఖర్చు చూపాలి. ఒక దాత, ఒక మొత్తం, ఒక పని అని ముందస్తు అనుమతి తెచ్చుకునే దారి ఉంది కానీ కాలం పడుతుంది. 2020 సవరణ తర్వాత, రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ తనకు వచ్చిన విదేశీ డబ్బును మీకు మళ్లించడం కూడా కుదరదు. "మా ఖాతాలోకి తెప్పించి మీకిస్తాం" అని ఎవరైనా స్నేహంగా అంటే ఒప్పుకోకండి, ఇద్దరూ చిక్కుల్లో పడతారు. ఆ సంస్థే తన ప్రాజెక్టుగా నడిపి, ఖర్చు తానే పెట్టి, మీ ఊరిలో మీతో కలిసి పని చేయవచ్చు. ప్రపంచ పర్యావరణ నిధి వారి చిన్న నిధుల కార్యక్రమం 1992 నుంచి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ద్వారా నడుస్తోంది, గ్రామ సంఘాలకే ఉద్దేశించింది. చాలాకాలం ఒక్కో ప్రాజెక్టుకు 50,000 డాలర్లు దాని పరిమితి. ప్రతి దేశంలోనూ ప్రతి విడతలోనూ ఎంచుకున్న ప్రాంతాలు మారుతుంటాయి కాబట్టి ప్రకటన చదివాకే కలం పట్టండి. బ్రిటన్‌లోని రఫర్డ్ ఫౌండేషన్ వర్ధమాన దేశాల్లో కొత్తగా క్షేత్రంలోకి వచ్చిన వారికి చిన్న మొత్తాలు ఇస్తుంది, ఒకటి బాగా చేస్తే తర్వాతి మెట్టు ఉంటుంది. పాత నివేదికలు అందరికీ అందుబాటులో పెడుతుంది. దరఖాస్తు రాయడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి లేదు. మహమ్మద్ బిన్ జాయెద్ జాతుల పరిరక్షణ నిధి 25,000 డాలర్ల వరకు ఇస్తుంది, కానీ అది ఒక జాతి జీవిని కాపాడే పనికి ఇస్తుంది, ప్రాంతానికి కాదు. ఆలివ్ రిడ్లే తాబేలు వంటి దాన్ని ముందు పెట్టగలిగితేనే అడగండి.

మీకు దగ్గరి దారి స్వదేశీ నిధి. ఏటా అయిదు కోట్లకు పైగా నికర లాభం ఉన్న కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి, పర్యావరణం ఆ జాబితాలో ఉంది. మీకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే, 12ఏ (సంఘానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను తగ్గింపు) అని పిలిచే గుర్తింపులు, కంపెనీల సామాజిక బాధ్యత డబ్బు తీసుకునే సంఘాలకు 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయిన సీఎస్‌ఆర్-1 నమోదు ఉండాలి. ఆ కాగితాలు ఈ నెలలోనే మొదలుపెట్టండి. కానీ ఇక్కడ నా మనసులో మాట దాచను. మీ తీరంలోకే వ్యర్థజలం వదిలే పరిశ్రమ డబ్బు ఇస్తానంటే, ఎంత అవసరమున్నా తీసుకోకండి. మూడేళ్ల తర్వాత చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన రోజున మీరు నోరు తెరవలేని స్థితిలో ఉండకూడదు. పంచాయతీ స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉంటుంది, దానికి స్థానిక నిధి పెట్టుకునే అధికారం 2002 చట్టం ఇచ్చింది. మొత్తం చిన్నదే అయినా, ఊరి జీవవైవిధ్య రిజిస్టరులో మీ రాళ్లచోటు పేరు ఎక్కితే అది రేపు ప్రభుత్వం ముందు సాక్ష్యం.

చివరి విడతను ఖర్చు లెక్క చూపాకే ఇచ్చే దాతలు చాలామంది. ఒకసారి మాకు అయిదు నెలలు ఆలస్యమైంది, డీజిలు బంకులో అప్పు సమన్వయకర్త తన పేరు మీద మోశాడు. ఆయన పెళ్లాం గాజులు తాకట్టులోకి వెళ్లాయని ఆలస్యంగా తెలిసింది. ఇప్పటికీ ఆ ఇంటికి వెళితే ముందు నా కళ్లు ఆమె చేతుల మీదికే పోతాయి. ఒప్పందం మీద సంతకం చేసేముందు విడతల తేదీలు అడగండి, మొదటి విడత సగానికి తక్కువ కాకుండా చూసుకోండి.

ప్రభుత్వ గుర్తింపు గురించి. "అభయారణ్యంగా ప్రకటించాలి" అని మీ చిత్తుప్రతి మొదటి వాక్యంలో ఉంది. ఆ మాట తీసేయండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద సముద్రంలో అభయారణ్యం ప్రకటించాలంటే కేంద్రం సమ్మతి కావాలి, నౌకాదళ హైడ్రోగ్రాఫర్‌ను (సముద్ర పటాలు గీయించే అధికారిని) సంప్రదించి హద్దులు గీయాలి, స్థానిక మత్స్యకారుల జీవనోపాధికి రక్షణ చర్యలు ముందే తీసుకోవాలి. చట్టంలో ఆ మాట ఉన్నా, ఊరు విన్నది మాత్రం "వేట పోతుంది" అనే. మహారాష్ట్రలో మాల్వన్ సముద్ర అభయారణ్యాన్ని 1987లో ప్రకటించారు, 29 చదరపు కిలోమీటర్లు. అక్కడి మత్స్యకారుల వ్యతిరేకత ఏళ్ల తరబడి చల్లారలేదు. 2002 సవరణ తెచ్చిన సంరక్షణ రిజర్వు అన్న మరో దారి ఉంది: ప్రభుత్వ ఆధీనంలోని ప్రాంతాన్ని, స్థానికులను సంప్రదించి, రాష్ట్ర ప్రభుత్వమే ప్రకటించవచ్చు. సముద్రం ప్రభుత్వానిదే కాబట్టి ఇది అతుకుతుంది. తమిళనాడు 2022లో పాక్ అఖాతంలో కడలి ఆవుల (డుగాంగ్ అనే సముద్ర జంతువుల) కోసం 448 చదరపు కిలోమీటర్లను ఇలాగే ప్రకటించింది. దాని యాజమాన్య కమిటీలో ప్రతి పంచాయతీకి ఒక ప్రతినిధి ఉంటారు. వ్యవసాయ, పశుసంవర్ధక శాఖలకు చోటుంది కానీ మత్స్యశాఖ పేరు చట్టంలో లేదు, కాబట్టి పంచాయతీ తరఫున కూర్చునేది వేటకు వెళ్లే మనిషి కావాలని మీరే పట్టుబట్టాలి. అపో దీవిలో కూడా 1994లో జాతీయ గుర్తింపు వచ్చాక అధికారం ఊరి చేతుల నుంచి పెద్ద మండలికి వెళ్లింది, ఆ దీవివారికి అది రుచించలేదు. గుర్తింపు కోరేముందు ఆ సంగతి ఊరిలో బాహాటంగా చర్చించండి.

అప్పటివరకు మీకు చట్టబలం అసలు లేదనుకోకండి. మన రాష్ట్ర సముద్ర మత్స్య నియంత్రణ చట్టం కింద ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపల మరబోట్లు వేట చేయకూడదు. మీ రాళ్లచోటు ఆ హద్దులోనే ఉంది. లోపలికి వచ్చిన మరబోటు నంబరు, తేదీ, సమయం, ఒడ్డు గుర్తుల వరస ఒక నోటు పుస్తకంలో రాసి, నెలనెలా మత్స్యశాఖ కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఏడాది పాటు రాసిన ఆ పుస్తకం దరఖాస్తుకు జతచేస్తే ఏ డ్రోన్ చిత్రమూ దానికి సాటి రాదు.

కాబట్టి ఇప్పుడే దరఖాస్తు పంపకండి. మీ రాళ్ల దగ్గర ఎన్ని పడవలు, ఏ వలలతో, ఏ నెలల్లో వేటాడతాయో, ఆ చేపను ఎవరు కొని ఎక్కడ అమ్ముతారో ఒక్క పేజీలో రాసి ఇక్కడ పెట్టండి. వేటాడే వారి పేర్లు వద్దు, సంఖ్యలు చాలు. పక్క ఊళ్ల పడవలు వస్తే అవీ రాయండి. ఆ పేజీ చూశాక బడ్జెట్‌ను వరస వరసగా కూర్చుని సరిచేద్దాం.